ఇంటి పొయ్యి, అంగడి చిట్టా

(సంఘ వార్షిక మహాసభ మహిళాసదస్సునందు చేయబడిన యుపన్యాసము)



మహిళాసదస్సు కార్యదర్శినిగారు గృహపరిశ్రమలను గూర్చి ప్రసంగింపుడని మమ్ము కోరిరి. విషయము గొప్పది, మా యనుభవము చిన్నది. మేమనగా రాజమహేంద్రవరమున నొక్క వీథిలో నివసించు నాలుగిండ్ల స్త్రీలము. అందిద్దఱు వేఱు కాపురములున్న తోడికోడండ్రు, ఒకరు వారి పెద్దత్తగారు, ఒకతె చదువు ముగించి యింటనున్న యువతి. ఏడేండ్లుగా మా యిండ్లయందే కేకులు, రొట్టెలు, బిస్కట్టులు కాల్చి యమ్ముచున్నాము. గృహపరిశ్రమలన్నిటిని గూర్చి చెప్పుటకు మేము చాలము. మాకు చేతనైన యీ యొక్క పనిని గూర్చియు, దానివలన మా సంసారములలో వచ్చిన మార్పులను గూర్చియు నాలుగు మాటలు మనవి చేసికొందుము.

మొట్టమొదట నింటి పెద్దలే యాక్షేపించిరి. కేకు మన వంటకము కాదనిరి, దొరలు తెచ్చినదనిరి, గ్రుడ్డు లేక యది కాదు గనుక శాకాహారుల యింటిలోనికి రాదగదనిరి. కేకను పేరు మనది కాదు, నిజమే. కాని పిండిని పొంగించుటయు, పైనను క్రిందను వేడి తగులునట్లు కాల్చుటయు మనవారు దొరలయొద్ద నేర్చిన విద్యలు కావు. ఇడ్లీపిండి రాత్రియెల్ల నిలువయుండగా సూక్ష్మజీవులు దానిని పులియజేసి వాయువును విడుచుటచేతనే ప్రొద్దుటికి గిన్నె యంచు దాకునట్లు పొంగును. గోదావరిసీమలోని దిబ్బరొట్టెను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. మినపపిండియు బియ్యపురవ్వయు కలిపి, అడుగు మందమైన గిన్నెలో నూనె పోసి, పిండి వేసి, కుంపటిపై సన్నని సెగను బెట్టి, మూతమీద నిప్పులు పోసి మన నాయనమ్మలు కాల్చెడివారు. పైన నిప్పు, క్రింద నిప్పు, నడుమ పిండి. ఇప్పటి విద్యుత్తు పొయ్యి చేయుచున్నదియు నదియే. నాయనమ్మ వాసనచేత వేడిని గుర్తించెడిది. మేము 170 మొదలు 180 డిగ్రీలవఱకు ముల్లు త్రిప్పుదుము. వాసనకు మేమును విలువ నిత్తుము. ముల్లు చూపు వేడియు లోపలి వేడియు నన్ని పొయ్యిలయందును సరిపోవు. కావున క్రొత్తగా నీ పనికి బూనుకొను సోదరీమణులు లోపల నిలుపదగిన యుష్ణమాపకము నొకదానిని వేఱుగ గొనుట మంచిది.

ఈ దేశమున కేకు కథయు వినదగినది. కేరళమునందలి తలశ్శేరిలో మాంబళ్లి బాపు అనునతడు బర్మాలో బిస్కట్టుల పని నేర్చివచ్చి 1880లో రాయల్ బిస్కట్ ఫ్యాక్టరీని స్థాపించెను. 1883లో మర్డాక్ బ్రౌన్ అను తోటల దొర యింగ్లండునుండి తెచ్చిన క్రిస్మసు కేకును జూపి యట్టిది చేయగలవా యని యడిగెననియు, దొర చెప్పిన విదేశద్రవ్యములు కొన్ని లేకున్నను బాపు తన యూర దొరకువానితోనే చేసి మెప్పించెననియు చెప్పుదురు. ఊర దొరకినదానితో పని జరుపుకొనుట వంటయింటి స్త్రీకి క్రొత్త గాదు. మేమా కథను మెచ్చుకొనుట యందుచేతనే.

గ్రుడ్డు మాట వేఱు. అది మా వ్యాపారమునకు మూలప్రశ్న. మా యిండ్లలో గ్రుడ్డు వాడము. మా దగ్గఱ కొనువారిలో బెక్కండ్రు వాడనివారే. వృద్ధురాలగు నొక బామ్మగారు మనుమని పుట్టినరోజున పంక్తిలో గూర్చుండి తక్కిన పిల్లలతోపాటు తానును తినవలెనని కోరినచో, ఆ కేకులో నేమున్నదో యామెకు సందేహము లేకుండ జెప్పగల చేయి కావలయును. మా యమ్మకమంతయు నా సందేహనివృత్తిమీదనే నిలిచియున్నది.

గ్రుడ్డు కేకులో చేయు పని చిన్నది కాదు. గిలకొట్టినప్పుడు గాలిని బంధించును. వేడి తగిలినప్పుడు గట్టిపడి కేకు కూలకుండ నిలుపును. దానిలోని పచ్చసొన నూనెను నీటిని విడిపోకుండ కలుపును. అట్టిదానిని తొలగించినచో మూడు పనులకును వేఱు కూలీలను గుదుర్చుకొనవలయును. ఇట్టి చిక్కు మనకే గాదు. ఇంగ్లండులో బర్మింగుహాము నగరమున ఆల్ఫ్రెడ్ బర్డ్ అను నౌషధవిక్రేత యుండెను. అతని భార్యకు గ్రుడ్డు సరిపడదు. రొట్టెను బొంగించు ఈస్టును సరిపడదు. ఆమె నిమిత్తమే యతడు 1837లో గ్రుడ్డు లేని కస్టర్డు పొడిని, 1843లో ఈస్టుతో బనిలేని బేకింగు పొడిని గల్పించెను. నేడు లోకమందన్ని వంటయిండ్లలోను నిలిచియున్న యా డబ్బా యొక యిల్లాలి యనారోగ్యమునకై యామె భర్త పడిన శ్రమనుండి పుట్టినది. ఈ కథను మా భర్తలకు దఱచుగ వినిపించుచుందుము.

మా పద్ధతి యిది. సుమారు 200 గ్రాముల మైదాకు ఒక గిన్నెడు పెరుగు, 150 గ్రాముల చక్కెర, 100 గ్రాముల నూనె, అరచెంచా వంటసోడా, ఒక చెంచా బేకింగు పొడి. పెరుగులోని పులుపు సోడాతో గలిసిన వెంటనే బొగ్గుపులుసు వాయువు పుట్టును. ఆ వాయువే పిండిని లేపును. కాని యది మన కొఱకు వేచియుండదు. పిండి కలిపినపిమ్మట పొరుగింటివారితో మాటలాడుచు నిలిచినచో వాయువు పోవును, కేకు అప్పడమగును. పొయ్యి ముందుగనే కాగియుండవలయును. పళ్లెరమునకు నూనె రాచియుండవలయును. అప్పుడే పెరుగును సోడాను గలుపవలయును. సోడా యెక్కువైనచో సబ్బు రుచి వచ్చును. పిండి నతిగా గలిపినచో గోధుమలోని జిగురు సాగి కేకు గట్టిపడును. వేసవి పెరుగు పులుపెక్కువ, శీతకాలపు పెరుగు పులుపు తక్కువ. దీని కేపుస్తకమును మార్గము చెప్పదు, నాలుకయే చెప్పవలయును. పెద్దత్తగారు నిత్యము పెరుగును రుచిచూచి సోడా కొలత చెప్పుదురు. డెబ్బది యేండ్ల మజ్జిగ పరిచయము వారిది.

మన దేశపు నిబంధనలయందు గ్రుడ్డు చేరిన తినుబండారము శాకాహారముగా లెక్కింపబడదు. పచ్చని చదరములో పచ్చని చుక్క గల గుర్తు కేవల శాకాహారమునకే. ఇంట రెండు విధములును జేయు సోదరీమణులు మన యూళ్లలో గలరు. అది వారి యిష్టము, వారి జీవనము. అట్టివారు గిన్నెలు, గరిటెలు, పళ్లెరములు వేఱువేఱుగ నుంచుకొని, కొనువారికా విషయము ముందుగ జెప్పవలయునని మాత్రము మా కోరిక. 2006 నాటి ఆహారభద్రతా ప్రమాణాల చట్టముచే ఇంట వండి యమ్ము చిన్నవారును నమోదు చేసికొనవలసియున్నది. నమోదైనవారికి 14 అంకెల సంఖ్య నిత్తురు. దానిని పెట్టెపై నచ్చువేయించుటకు సిగ్గుపడువారిని జూచినాము. అంగడి బోర్డుకు సిగ్గుపడని కులమువారము, ఆ సంఖ్యకేల సిగ్గుపడవలె?

మీగడ సంగతి యొకటి చెప్పి ముందునకు బోవుదుము. రోళ్లు పగులు రోహిణికార్తెలో పాలమీగడతో పువ్వులు వేసిన కేకు వీథి చివఱకు బోవులోపల గారిపోవును. అందుచే వేసవిలో ననేకులు నూనెలతో జేసిన కృత్రిమపు మీగడను వాడుదురు. అది నిలుచును, రుచి మాత్ర మంతంత. 2022 జనవరి మొదలు మన దేశమున నూనెలలో, కొవ్వులలో ట్రాన్సుకొవ్వు నూటికి రెండు పాళ్లకు మించరాదని శాసనమున్నది గనుక పెట్టెపై వ్రాతను జదివి కొనుట మంచిది. మేము రెండింటిని జూపి, వెల చెప్పి, ఎన్నికను కొనువారికే విడిచిపెట్టుదుము.

ఇక నింటి మాట. పొయ్యి వంటయింటి మూల నున్నది గనుక వ్యాపారమునకును సంసారమునకును నడుమ గోడ లేదు. ఒకవైపు పిల్లవాడు ఎక్కములు వల్లించుచుండును. ఒకవైపు కేకు చల్లారుచుండును. చల్లారని కేకుపై మీగడ పూయరాదు. గంటయు రెండు గంటలును వేచియుండవలయును. పిల్లవానికీ నిబంధన నచ్చదు. మా యింటి మామగారు మధుమేహముచే బాధపడువారు; ఇంటినిండ వెనిలా పరిమళము, వారి పళ్లెరములో జొన్నరొట్టె. పాపము, ఆయన యొక్కనాడును విసుగుకొనలేదు. పైగా తూనిక చూచుట తన పనిగా బెట్టుకొనిరి. కిరాణా కొట్టులో నలువదేండ్లు తక్కెడ పట్టిన చేయి గనుక పది గ్రాముల తేడాను గూడ నోర్వరు. కిలో యని చెప్పిన కేకు కిలోకు పదిగ్రాములు మొగ్గుగ నుండవలెనేగాని తఱుగుండరాదని వారి శాసనము.

పుట్టినరోజు పద్ధతిని గూర్చి మా వీథిలో నొక చర్చ జరిగినది. పూర్వము తలంటు, క్రొత్తబట్టలు, గుడి, పరవాన్నము. ఇప్పుడు కేకుపై క్రొవ్వొత్తి వెలిగించి యూది యార్పుట. దీపమార్పుట యమంగళమని పెద్దత్తగారు పట్టుబట్టిరి. అందుచే మా పెట్టెలో క్రొవ్వొత్తితోబాటు చిన్న మట్టిప్రమిదయు నుంచుచున్నాము; ఆర్పువా రార్పుదురు, వెలిగించువారు వెలిగింతురు. కొనినవారిలో సగముమంది ప్రమిదయే వాడినట్లు ఫొటోలు పంపిరి. సంతోషము.

ఇంతవఱకు చెప్పినదంతయు నుపోద్ఘాతమే. మేము నేడు వేదిక యెక్కినది లెక్కలు చెప్పుటకు.

మన వైశ్యకులమునకు లెక్క యన్నది ఉగ్గుబాలతో వచ్చిన విద్య. దీపావళినాడు ఖాతాపుస్తకమునకు పసుపు కుంకుమలు పెట్టి శ్రీకారము చుట్టి ప్రారంభించువారము. రోకడిలో నొక్క రూపాయి తేడా వచ్చినచో రాత్రి భోజనము మాని వెదకిన పెద్దలు మన యిండ్లలో నుండిరి. కొట్టులో గుమాస్తా జీతము పద్దు, హమాలీ కూలి పద్దు, దీపపు నూనె పద్దు, దేవుని పేరిట ధర్మము పద్దు, అన్నియు వేఱువేఱుగ వ్రాసినవారము. అట్టి యింటిలో నదే కప్పుక్రింద, నొక గోడ కవతల, ఆడువారు చేయు పనికి పద్దు లేదు. ఆమె కొట్టుకు పంపిన కారప్పూసకు పిండి వెల వ్రాసిరి, నూనె వెల వ్రాసిరి. చేతి వెల వ్రాయలేదు. ఇది నిందించుటకు చెప్పుట లేదు. చిట్టాలు తిరుగవేసి చూచినవా రెవరైనను చెప్పుమాటయే యిది. పెద్దత్తగారు తమ పుట్టింటి పాతచిట్టాలు చదివినవారగుటచే మా పొయ్యి వెలిగిన నాడే పుస్తకమున మూడవ వరుసకు "కూలి" అని పేరు పెట్టిరి.

ఒక కిలో కేకు లెక్కను సభవారి యెదుట విప్పెదము. ధరలు ఊరూరికిని, నెలనెలకును మాఱును. లెక్కించు రీతిని మాత్రము చూడుడు. మైదా 10 రూపాయలు, చక్కెర 10, పెరుగు 25, నూనె 18, సోడా, పొడి, పరిమళము కలిసి 12, మీగడ 100, పండ్లు, చాకొలెట్టు 85, మొత్తము 260. పెట్టె, అట్ట, ప్రమిద, దారము 45. విద్యుత్తు: 1500 వాట్ల పొయ్యి 50 నిమిషములు మండినచో ఒకటింపాతిక యూనిట్లు, 10 రూపాయలనుకొందము. పొయ్యికిని గిన్నెలకును అరుగుదల 25. అన్నియు గలిసి 340 రూపాయలు. ఊరిలో నట్టి కేకునకు మొన్నమొన్నటివఱకు 600 నడచుచుండెను. 260 మిగిలెను, బాగుగనే యున్నదందురు. ఆగుడు. పిండి కొలిచి, జల్లించి, కలుపుటకు 40 నిమిషములు. పొయ్యియొద్ద కావలి 45. కేకును పొరలుగ గోసి, మీగడ గిలకొట్టి, పూసి, పువ్వులు వేసి, పేరు వ్రాయుటకు గంటన్నర. గిన్నెలు తోముటకు 35 నిమిషములు. సరకు తెచ్చుటకును, కొనువారితో ఫోనులో మాటలాడుటకును అరగంట. మొత్తము నాలుగు గంటలు. చల్లారు సమయము లెక్కలోనికి రాలేదు. ఆ గంటలో ఇంటి వంట చేసికొందుము. 260ని నాలుగుచే భాగించిన గంటకు 65 రూపాయలు.

ఇప్పుడు బంధువు ప్రవేశించును. "మనవాళ్లమే గదా, ఓ నూఱు తగ్గింపుడు" అనును. మిగులు 160, గంటకు 40. "మీవా డిటువైపే వచ్చునుగదా, ఇంటికి పంపుడు" అనును. పెట్రోలు 40 పోగా మిగులు 120, గంటకు 30. పిండి యంగడివాడు నూఱు తగ్గించునా? తగ్గింపడు. విద్యుత్తువారు తగ్గింతురా? తగ్గింపరు. ఆ నూఱు రూపాయలును తగ్గినది కేవలము స్త్రీ కూలిలోనుండియే. ఉచితముగా నడుగువారిని గూర్చి లెక్క వేయనక్కరలేదు. అది సభవారే చేసికొనగలరు. ఆశ్చర్య మేమనగా, ఎఱుగనివారు అడిగిన వెల యిచ్చి ధన్యవాదములు చెప్పి పోవుచుండగా, బేరములన్నియు మనవారి వలననే వచ్చుచున్నవి. ఆదరమునకు లోటు లేదు, మా పనిని మెచ్చని బంధువు లేడు. మెప్పును పుస్తకములో నే వరుసలో వ్రాయవలెనో తెలియకున్నది.

గంటకు నూఱు రూపాయలు కూలి యనుకొనినచో 400, సరకు 340, చెడిపోవుదానికై పది, 750. ఈ యేడు మే మా వెలను నిర్ణయించి, చీటిపై వివరముగ వ్రాసి, గోడకు దగిలించితిమి. కొందఱు చీటిని చదివి వెడలిపోయిరి. కొందఱు చీటిని చదివి, ఆలోచించి, మరునాడు వచ్చిరి. రెండు కేకులు ఒకసారి కాల్చినప్పుడు కావలి సమయము కలిసివచ్చును గనుక ఆ మేరకు వెల తగ్గింతుము. ఆ తగ్గింపు చుట్టఱికమునకు గాదు, పొయ్యి లెక్కకు.

కూలిని ముందుగ లెక్కించి నిలిచిన స్త్రీల యుద్యోగము మన దేశములోనే యున్నది. 1959లో బొంబాయి గిర్గాములో నేడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు దెచ్చి మిద్దెమీద అప్పడములు ఒత్తుటకు మొదలిడిరి. అదియే లిజ్జత్ పాపడ్. అందు సభ్యురాండ్రందఱును సంస్థకు యజమానురాండ్రే. పిండి సంస్థ యిచ్చును. స్త్రీ యింట నొత్తి తెచ్చును. ఒత్తిన తూకమునుబట్టి కూలి పుచ్చుకొనును. మొదటి యేడుగురిలో నొకరైన జశ్వంతిబెన్ జమునాదాస్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ బిరుద మొసగబడినది. మనకు దూరమేల, గోదావరీతీరమునందలి ఆత్రేయపురమున బోర్లించిన కుండను వేడిచేసి, పలుచని బియ్యపుపిండినీటిలో ముంచిన బట్టను దానిపై లాగి పూతరేకు తీయు స్త్రీలను జూడుడు. ఆ రేకునకు 2023లో భౌగోళికచిహ్నము వచ్చినది. రేకునకు పేరు వచ్చినది, మంచిదే. రేకు దీసిన చేతికి గంట కెంత యని యడుగువారు గూడ నుండవలయును.

పిమ్మటి ప్రశ్న: వచ్చిన ధన మెవరిది? పూర్వ ధర్మశాస్త్రకారులలో కాత్యాయనుడు, స్త్రీ శిల్పముచే నార్జించిన ధనము భర్త స్వామ్యమునకు లోబడియుండునని చెప్పెను. స్త్రీధనమును గూర్చి యంత విపులముగ వ్రాసినవాడే యామె చేతిపనిని మాత్రము దానినుండి తొలగించెను. ఆ సంగతి యిప్పుడు పోయినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ సెక్షను ప్రకారము హిందూస్త్రీ తన నేర్పుచే గాని శ్రమచే గాని సంపాదించిన యాస్తి యామెకు సంపూర్ణ స్వామ్యముతో జెందును. చట్ట మట్లున్నది. కాని యిండ్లలో కేకు వెల యే ఫోనునకు జేరుచున్నది? భర్త ఫోనునకు. ఆయన దుర్మార్గుడు కాడు. ఫోను ఆయనది, బ్యాంకుఖాతా ఆయనది, అలవాటు అందఱిది. మా నాలుగిండ్లలో నిప్పుడు నాలుగు ఖాతాలు స్త్రీల పేర నున్నవి. తోడికోడండ్రలో చిన్నావిడ తన ఖాతానుండి కుమార్తె కళాశాల రుసుము చెల్లించినది. ఆమె భర్త రశీదు మీది పేరును రెండుమూఱులు చదివి, మడచి, బీరువాలో నాయన దస్తావేజులతో బాటు పెట్టెను. ఆయన యేమియు ననలేదు, మేమును నడుగలేదు.

యువతి సంగతి యొకటి చెప్పక తప్పదు. ఆమె యనుమతితోనే చెప్పుచున్నాము. ఒక సంబంధము వచ్చినది. వరుని తల్లిగారు కేకు తిని మిక్కిలి మెచ్చుకొని, "సరదాకు చేసికొనవచ్చును గాని వెల పుచ్చుకొనుట మా యింటికి తగదు" అనిరి. అమ్మాయి వినయముగనే, "మీ కొట్టులో సరకు సరదాకు నిత్తురా యండీ?" యని యడిగెను. ఆ సంబంధము కుదురలేదు. కుదురకపోవుటకు వేఱు కారణములును గలవందురు గాని, వీథిలో నీ ప్రశ్నయే ప్రసిద్ధి కెక్కినది. సభలో మగపిల్లల తల్లిదండ్రులు పెక్కండ్రున్నారు. వారికి మా విన్నపము: కోడలి చేతిపని నచ్చినచో దానితోబాటు దాని చిట్టాను గూడ నింటిలోనికి రానిండు.

సంఘము వారిని మేము పెద్దవి కోరము. మన కల్యాణమంటపమునందు పెండ్లిండ్లు లేని దినములలో వంటశాల యూరకయున్నది; దానిని తగిన యద్దెకు ఇంటిపని చేయు స్త్రీల కిచ్చినచో నాషాఢమాసములో నైనను పది కుటుంబములకు బనికివచ్చును. ఉచితముగా వలదు, అద్దె పద్దు మాకును కావలయును. సంఘనిధినుండి విద్యార్థులకు వేతనములు ఇచ్చుచున్నారు, అది శ్లాఘ్యము. ఒక పొయ్యి, ఒక శీతలపేటిక కొనుటకు జామీను లేని చిన్న యప్పును వాయిదాలపై స్త్రీల పేరనే యిచ్చు నేర్పాటును వచ్చు కార్యవర్గము చర్చింపవలెనని తీర్మానము నొకదానిని వ్రాసి తెచ్చినాము. దానిని బలపఱచుటకు ముగ్గురు సోదరు లిప్పటికే సంతకము చేసిరి. అందొకరు ఆ నూఱు రూపాయలు తగ్గింపుమని పోయిన మాఘములో నడిగినవారే. వారి పేరు చెప్పము.

తీర్మానము ప్రతిని అధ్యక్షులవారి బల్లపై నుంచుచున్నాము. నేటి సాయంకాలము తేనీటితో బాటు సభ్యుల కీయబడు బిస్కట్టులు మా నాలుగిండ్లలో కాల్చినవి. గ్రుడ్డు లేదు, తూనికలో తఱుగు లేదు. వాని పట్టీ నిన్ననే కోశాధికారిగారి కందినది. కూలి పద్దు మూడవ వరుసలో నున్నది. సెలవు.